పెట్టె పక్కన నిలబడ్డ పిన్నిగారు

ఫోన్లో వార్త వినగానే నా నోట వచ్చిన మొదటి మాట “అయ్యో” కాదు. “పెట్టె తీసుకెళ్ళారా?” అని అడిగాను. అవతల మాట్లాడుతున్నది పిన్నిగారింట్లో కింది వాటాలో అద్దెకుంటున్నావిడ. “ఏం పెట్టె అండీ?” అంది.

పిన్నిగారు పొద్దున్నే స్నానానికి వెళ్ళారట. ఎంతసేపటికీ నీళ్ళ చప్పుడు ఆగలేదట. ట్యాంకు ఖాళీ అయిపోతోందని చెప్పడానికి ఈవిడ మేడెక్కి తలుపు కొట్టిందట. తలుపు పగలగొట్టేసరికి అంతా అయిపోయింది. గుండె ఆగిందని డాక్టరు చెప్పాడు. ఎప్పుడు ఆగిందో ఎవరికీ తెలీదు. ఆ ఇంటికీ, పెట్టె ఉన్న కల్యాణ మండపానికీ మధ్య రెండు వీధులు. నాకిప్పటికీ మింగుడు పడడం లేదు. పక్కవాడి గుండె ఆగితే ఏం చెయ్యాలో మా పేటలో పనిగట్టుకుని నేర్చుకున్న మనిషి ఆవిడొక్కరే. ఆవిడ గడియ వేసుకుని, నీళ్ళ చప్పుడులో ఒంటరిగా పోయారు.

నేను పెళ్ళిళ్ళకి ఫొటోలు, వీడియోలు తీస్తాను. జగ్గయ్యపేట, నందిగామ, మధ్యలో వత్సవాయి చుట్టుపక్కల ఊళ్ళు, ఇవే నాకు తిండి పెడుతున్నాయి. పిన్నిగారు నాకు చుట్టమేం కాదు. పేటలో పప్పుల హోల్‌సేల్ కొట్టాయన భార్య. మా అమ్మ ఆవిణ్ణి చెల్లెమ్మా అనేది కాబట్టి నాకు పిన్నిగారు. పొట్టి మనిషి. నడక మాత్రం బస్సు తప్పిపోతుందన్నట్టు ఉండేది. చేతిలో ఎప్పుడూ ఒక గుడ్డసంచి, అందులో ఒక కత్తెర, ఒక తువ్వాలు. పెళ్ళికి కత్తెర తెచ్చుకునే మనిషిని, తెచ్చుకుని భోజనం చెయ్యకుండా వెళ్ళిపోయే మనిషిని, నా సర్వీసులో ఆవిణ్ణొక్కర్నే చూశాను.

ఆవిడ వచ్చేది పెళ్ళికి కాదు, పెట్టె దగ్గరికి. మండపంలో వేదికకి ఎడమపక్క గోడకి తెల్లటి పెట్టె ఒకటి ఉంటుంది, మీద ఎర్ర గుండె బొమ్మతో. అందులో ఉన్నది గుండె ఉన్నట్టుండి ఆగినప్పుడు కరెంటు దెబ్బ కొట్టి మళ్ళీ దారిలో పెట్టే మెషిను. పెద్ద ఊళ్ళలో విమానాశ్రయాల్లోనూ మాల్స్‌లోనూ పెడుతున్నారు. వాడటానికి డాక్టరు అక్కర్లేదు. మూత తెరవగానే అదే ఏం చెయ్యాలో చెబుతుంది. ఛాతీకి రెండు ప్యాడ్లు అంటిస్తే గుండె సంగతి తనే చూసుకుంటుంది. అవసరమైతేనే మీట నొక్కమంటుంది.

ఆ పెట్టె ఆవిడ కొనిచ్చిందే. ఏం అమ్మి కొన్నారో నేను అడగలేదు. చేతులకుండే బంగారు గాజులు అప్పట్నుంచీ కనపడలేదు.

బాబాయిగారు, అంటే ఆవిడ భర్త, నందిగామలో ఒక పెళ్ళి భోజనాల బంతిలో పోయారు. ఆ కథ ఆవిడ ఎప్పుడు చెప్పినా ఒకేలా చెప్పేవారు. గొంతు పెంచేవారు కాదు.

“విస్తరి ముందు ఒరిగిపోయారు నాయనా. అందరూ ఫిట్సన్నారు. ఇనుము పట్టిస్తే తగ్గుద్దని తాళాలు తెచ్చారు. ఒకాయన బీరువా తాళాలు, ఒకాయన బండి తాళాలు. తలా ఒక గుత్తి. చేతిలో చోటు లేక రెండో చేతిలో పెట్టారు. ఎవరూ చెడ్డోళ్ళు కాదు. పాపం, అందరూ పరిగెత్తుకొచ్చినోళ్ళే. నేనూ నా బీరువా తాళాలే పెట్టా.”

విజయవాడలో డాక్టరు తర్వాత చెప్పాడట, అంబులెన్సు వచ్చేదాకా ఛాతీ నొక్కుతూ ఉండి, ఇలాంటి మెషినొకటి అందుబాటులో ఉంటే బతికే అవకాశం ఉండేదని. ఇంకెవరైనా అయితే ఆ మాట విని గోడకి తల బాదుకుంటారు. ఈవిడ “అది ఎక్కడ అమ్ముతారండీ?” అని అడిగారు.

మండపం కమిటీ మీటింగుకి నేనూ వెళ్ళాను, పాత ఫొటోల బిల్లు కోసం. పిన్నిగారు ఆడవాళ్ళెవరూ కూర్చోని ఆ గదిలో కూర్చుని ఉన్నారు. ప్రెసిడెంటుగారు మంచి మనిషే. లెక్క తెలిసిన మనిషి కూడాను.

“పెట్టె మీరు కొనిస్తారు, బానే ఉంది అక్కయ్యగారూ. బ్యాటరీ అయిపోతే? ఆ అంటించే బిళ్ళలకి గడువుంటదంట, వాడినా వాడకపోయినా మార్చాలంట. ఎవరు చూస్తారండి ఏటేటా? తెలీనోడు దాన్ని వాడి మనిషి పోతే కేసు మన మీదకొస్తది. ఆ డబ్బుతో లిఫ్టు పనికి చెయ్యి వెయ్యండి, మోకాళ్ళనొప్పులోళ్ళు రోజూ మీకు దణ్ణం పెట్టుకుంటారు. అయినా గుండె ఆగేది ఎక్కువమందికి ఇళ్ళల్లోనేనంట. మా అల్లుడు డాక్టరేగా, వాడే చెప్పాడు. ఇంటింటికీ ఒకటి కొనిస్తారా?”

నిజం చెప్పాలంటే ఆయన మాటల్లో తప్పేమీ కనపడలేదు నాకు. లిఫ్టు రోజూ పనికొస్తుంది. ఈ పెట్టె ఒక్కసారి కూడా పనికి రాకుండానే పాతబడిపోవచ్చు. పిన్నిగారు తల ఊపుతూ అంతా విన్నారు.

“మెట్ల పక్కన మంటలార్పే సిలిండరుంది కదన్నయ్యా. మండపం కట్టాక ఎన్నిసార్లు వాడారు?”

“అది రూలండి. పెట్టాల్సిందే.”

“రూలు లేకపోతే పీకేస్తారా?”

ప్రెసిడెంటుగారు నవ్వేశారు. ఆవిడ నవ్వలేదు. “ఇంట్లో పడితే మా ఖర్మ అనుకుంటాం. మీరు కార్డిచ్చి పిలిస్తే వచ్చి, మీ ఇంటి శుభకార్యంలో పడితే, పిలిచినోళ్ళు తాళాలు పట్టుకు నిలబడాలా?” అన్నారు. బ్యాటరీ, ప్యాడ్ల ఖర్చు కూడా తనదేనన్నారు. ఇక ఎవరూ కాదనలేకపోయారు.

పెట్టె గోడెక్కింది. కొబ్బరికాయ కొట్టారు, బొట్టు పెట్టారు, ఫొటో నేనే తీశాను. అక్కడితో కమిటీ చేతులు దులుపుకుంది. పిన్నిగారి పని అక్కడ మొదలైంది.

రోజూ కూరగాయలు కొనుక్కుని వెళ్తూ మండపంలోకి తొంగి చూసేవారు. పెట్టెలో పచ్చలైటు మినుకుతోందా లేదా, అంతే. మినుకుతుంటే “ఉన్నావా తల్లీ” అని వెళ్ళిపోయేవారు. మధ్యాహ్నాలు కొట్లో, సగం ఖాళీ అయిన కందిపప్పు బస్తా మీద మోకాళ్ళూని కూర్చుని ఛాతీ నొక్కడం సాధన చేసేవారు. కంపెనీవాళ్ళ వీడియో నా కంప్యూటర్లో పెట్టించుకుని చూసేవారు. మెషిను ఇంగ్లీషులో చెప్పే మాటలన్నీ వరసగా కంఠతా పట్టారు. ఇంగ్లీషు రాదు గానీ ఏ మాట తర్వాత ఏం చెయ్యాలో వచ్చు. నొక్కేటప్పుడు మాత్రం లెక్క తెలుగులోనే, అదీ కొట్లో పప్పు కొలిచే లెక్క. మా వైపు కొలిచేవాళ్ళు మొదటి మానికని ఒకటి అనరు, లాభం అంటారు. ఆవిడా అంతే. “లాభం, రెండు, మూడు, నాలుగు” అంటూ బస్తాని నొక్కేస్తుంటే కొనడానికొచ్చినవాళ్ళు గుమ్మంలోనే ఆగిపోయేవారు.

“నేర్పుతా రామ్మా, ఎంతసేపు” అని వాళ్ళనీ పిలిచేవారు. నవ్వి పప్పు కట్టించుకుపోయేవారు. మండపం వాచ్‌మన్ని అడిగారు, వంటవాళ్ళని అడిగారు, ప్రెసిడెంటుగారిని అడిగారు. ఎవరికీ ఖాళీ లేదు. “నువ్వైనా నేర్చుకో అబ్బాయ్, ప్రతి పెళ్ళిలోనూ ఉంటావు” అంటే, కాదనలేక నేను నాలుగు రోజులు బస్తా నొక్కాను. “కెమెరా మోసే చేతులు, బలం ఉంటదనుకున్నా. మంచిరకం సోమరితనం” అని ఎగతాళి చేశారు.

ఇక పెళ్ళిళ్ళవాళ్ళ సంగతి. శుభమా అని పెళ్ళి చేసుకుంటుంటే ఎదురుగా గుండె ఆగే పెట్టె ఏమిటని మొదటి సీజన్లోనే గొడవ. డెకరేషన్ వాళ్ళు దాన్ని పూలగోడ వెనక్కి తోసేసేవారు. పిన్నిగారు వచ్చి ఆ పూలని పక్కకి జరిపి, పెట్టె పక్కన నిలబడేవారు. అప్పుడు పెట్టె కంటే ఆవిడే పెద్ద ఇబ్బంది అయ్యారు. భర్త పోయిన మనిషి ముహూర్తం వేళ ఎదురుగా నిలబడడమేమిటని. ఎవరూ మొహం మీద అనేవారు కాదు. “పిన్నిగారూ, లోపల ఏసీ ఉంది, కూర్చోండి” అనేవారు. “మాకు చల్లగాలి పడదమ్మా” అని ఆవిడ అక్కడే నిలబడేవారు. అంత మొండి మనిషిని నేను చూడలేదు.

నందిగామ పత్తి వ్యాపారిగారి అమ్మాయి పెళ్ళి కూడా మా మండపంలోనే జరిగింది. ఆ ముహూర్తానికి నందిగామలో హాళ్ళు దొరకలేదు. పగటి పెళ్ళి. ఆయన గట్టి మనిషి, తెల్లటి పట్టు లాల్చీలో హాలంతా తనే అయి తిరుగుతున్నారు. పిన్నిగారిని చూసి ప్రెసిడెంటుగారి చెవిలో ఏదో అన్నారు. ప్రెసిడెంటుగారు వెళ్ళి, “ఒక్క గంట అక్కయ్యగారూ, నా మాట మన్నించి భోజనాల హాల్లో కూర్చోండి. ఆడపిల్ల తండ్రి అడుగుతున్నాడు” అన్నారు. ఆ చివరి మాటకి కాబోలు, ఆవిడ సంచి తీసుకుని భోజనాల హాల్లోకి వెళ్ళిపోయారు. పెట్టె ముందుకి పూలగోడ జరిగింది.

ఆ తర్వాత జరిగింది నేను కెమెరాలోంచి చూశాను.

పెళ్ళికొడుకు సూత్రాలు పట్టుకుని నిలబడ్డాడు. పంతులుగారు ఇంకా మంత్రం చదువుతున్నారు. పత్తి వ్యాపారిగారు ఎవరో పెద్దమనిషి వస్తే పలకరించడానికి వేదిక పక్క మెట్లు దిగారు. దిగి, నమస్కారం పెట్టబోతూ, అలాగే ముందుకి పడిపోయారు. కన్నకొడుకు చూశాడు. మేళం ఆపించాలని రెండు చేతులూ పైకెత్తి ఊపుతూ అరిచాడు. డోలు వాయించేవాళ్ళు అంత దూరం నుంచి చూసింది ఆ చేతులే. ముహూర్తం వేళ వేదిక దగ్గర చేతులూపితే వాళ్ళకి ఒకటే అర్థం. గట్టిమేళం అందుకున్నారు.

ఆ కుర్రాడు ఇంకా గట్టిగా ఊపాడు. వాళ్ళు ఇంకా గట్టిగా వాయించారు.

గట్టిమేళం వినగానే ఎవరైనా ఏం చేస్తారు? పెళ్ళికొడుకు తాళి కట్టేశాడు. హాలంతా లేచి అక్షింతలు వేసింది. ముందు వరసల్లోవాళ్ళు వేసినవి వేదిక దాకా వెళ్ళలేదు. మెట్ల దగ్గర పడివున్న మనిషి మీద పడ్డాయి. తలవంచుకుని తాళి కట్టించుకుంటున్న కూతురికి తండ్రి పడిపోయిన సంగతే తెలీదు. నేను చూస్తున్నాను, రికార్డు అవుతోంది, కెమెరా దించలేదు. చుట్టూ చేరినవాళ్ళు “ఫిట్సు, ఫిట్సు” అనడం పెదవుల కదలికలో కనపడుతోంది.

పిన్నిగారు పరిగెత్తుకుంటూ వచ్చారు. ఎవరూ పిలవలేదు. ఆవిడ శుభలేఖలో ముహూర్తం టైము చూసుకుని గాని గడప దాటరు. ముహూర్తానికి ఇంకా వ్యవధి ఉంది, మేళం ముందే మోగింది, ఏదో తేడా జరిగిందని వచ్చారట. వచ్చి పూలగోడని రెండు చేతులా పట్టుకుని లాగేశారు. అది విరుచుకుపడింది. పెట్టె తెరిచి మెషినుతో ఆయన పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, కత్తెరతో ఆ పట్టు లాల్చీని మెడ నుంచి కిందిదాకా కత్తిరించేశారు. ఆయన భార్య తరపు బంధువొకావిడ పిన్నిగారి జబ్బ పట్టుకుని వెనక్కి లాగింది. పెళ్ళివారింట్లో, ముత్తయిదువైన భార్య కళ్ళముందు, ఆయన బట్టలు చింపుతోందని. పిన్నిగారు ఆ చేతిని విదిలించుకుని తువ్వాలుతో చెమట తుడిచి, ప్యాడ్లు అంటించారు.

మెషిను మాట్లాడుతోంది. ఆ మేళంలో ఒక్క ముక్క వినపడే వీల్లేదు. ఆవిడకి వినాల్సిన పని లేకపోయింది. పెదవులు కదుపుతూ లోపల వరస చెప్పుకుంటున్నారు. చేతులు చాపి అందర్నీ వెనక్కి నెట్టారు. మీట నొక్కారు. ఆయన ఒళ్ళు ఒక్కసారి ఎగిరిపడింది. మేళంవాళ్ళు అప్పుడు చూశారు.

ఆగిపోయింది మేళం. అన్ని వందలమంది ఉన్న హాల్లో నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో మెషిను ఇంగ్లీషు గొంతు, దాని మీద పిన్నిగారి గొంతు. “లాభం, రెండు, మూడు, నాలుగు.” ఆవిడ వీపు మీద, జుట్టులో అక్షింతలు. నా పక్కన నిలబడ్డ వ్యాపారస్తులు ఆ లెక్క విని నోళ్ళు వెళ్ళబెట్టారు.

అంబులెన్సు వచ్చేసరికి ఆయన మూలిగారు. విజయవాడ తీసుకెళ్ళారు, ఆపరేషన్ చేశారు, బతికారు. నడుచుకుంటూ ఇంటికొచ్చారు.

ఇంతవరకూ చెబితే వినేవాళ్ళు, ఆవిడకి సన్మానం చేసుంటారు కదా అంటారు. నాకు అసలు దెబ్బ తగిలింది ఇక్కడే. ఆవిడ అక్కడికి వచ్చింది కాబట్టే ఇలా జరిగిందన్నారు. రెండు కుటుంబాలూ అన్నాయి. శుభమా అని పెట్టుకున్న పూలగోడ ఆవిడ చేతి మీదుగా కూలిందన్నారు. వీడియోలో ఆ భాగం తీసెయ్యమని నాకు ఫోనొచ్చింది. మూడు సీజన్ల పాటు ఏ ఆపదా లేకుండా ఆవిడ అక్కడే నిలబడ్డారని, ఆ ఒక్క పెళ్ళిలోనే ఆవిణ్ణి లోపలికి పంపారని నేను ఎంతమందికి చెప్పానో. అందరూ తల ఊపారు. ఒక్కరూ మాట మార్చలేదు.

కమిటీ మళ్ళీ కూర్చుంది. ప్రెసిడెంటుగారు ఈసారి ఆవిడ కళ్ళలోకి చూడలేదు. “పెట్టె ఉంచుదామండి. పనికొచ్చింది, కాదనను. మీరు మాత్రం ముహూర్తాల వేళ రావద్దు. బుకింగులు పోతున్నాయి.”

పిన్నిగారు సంచి తాడు చేతికి చుట్టుకుని లేచారు. “పెట్టె మీద గుడ్డ కప్పకూడదు. పూలు అడ్డం పెట్టకూడదు. అది రాసుకోండి. నేను రాను” అన్నారు. వాడిన ప్యాడ్లు మళ్ళీ పనికిరావు కాబట్టి కొత్తవి తనే తెప్పించి పెట్టారు. ఇంటికి వెళ్తుంటే నేను వెంట నడిచాను.

“కోపం రాదా పిన్నిగారూ మీకు? ఒక్కళ్ళు వచ్చి కనపళ్ళేదు.”

“రాకేం. వచ్చింది. రెండు రోజులు అన్నం తినలా.” నాలుగడుగులు వేశాక మళ్ళీ అన్నారు. “తిడుతున్నాడంటే బతికున్నాడనేగా నాయనా. మీ బాబాయిగారు తిట్టినా బావుండేది.”

మాట తప్పే మనిషి కాదు. మళ్ళీ ముహూర్తం వేళ ఆ గుమ్మం ఎక్కలేదు. పొద్దున్నే వచ్చి పచ్చలైటు చూసుకుని వెళ్ళిపోయేవారు, పోయిన రోజుకి ముందు రోజు దాకా.

ఆవిడ కర్మ అయిన వారానికే మండపంలో పెళ్ళి. పెట్టెకి పూలు అడ్డం పెట్టేసి ఉంటారని, పెడితే గొడవ పెట్టుకోవాలనే నిశ్చయంతో నేను ముందే వెళ్ళాను. అడ్డం లేదు. పెట్టె కనపడుతోంది. దాని పక్కన పట్టుబట్టల్లో నిలబడి ఉన్నారు నందిగామ పత్తి వ్యాపారిగారు.

చిక్కిపోయారు. ప్రెసిడెంటుగారు కుర్చీ తెప్పించి వేయించారు. పెళ్ళివాళ్ళు మజ్జిగ తెచ్చిచ్చారు. మృత్యువుని గెలిచొచ్చిన మనిషి, ఆయన కళ్ళెదుట తాళి కడితే మంచిదని పెళ్ళికూతురి తండ్రే కారు పంపి పిలిపించారట. ఆయన నిలబడితే ఎవరికీ శకునం అడ్డు రాలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

“పప్పుల కొట్టు పిన్నిగారు పోయారు, తెలుసా అండీ?” అన్నాను.

“తెలుసండి.” ఆయన నా వైపు చూడలేదు. “బతికుండగా ఒక్కసారి వెళ్ళి కనపడదామనుకున్నా. ఇంట్లో ఆడవాళ్ళు వద్దన్నారు. నేనూ గట్టిగా అనలా. ఇప్పుడేం చెయ్యను? ఏడాది పాటు ప్రతి ముహూర్తానికీ ఆవిడ నిలబడ్డ చోట నిలబడతానని మొక్కుకున్నా.”

కోపం సగం దిగిపోయింది నాకు. మిగతా సగంతో అడిగాను. “ఎవరైనా పడితే ఏం చెయ్యాలో తెలుసా మీకు?”

ఆయన పెట్టె వైపు చూశారు. దాన్ని దగ్గర్నుంచి చూడడం అదే మొదటిసారిలా ఉంది. “నాకెట్టా తెలుస్తదండి? నేను పడ్డవాణ్ణి. చూళ్ళేదు గదా” అన్నారు.

హాలంతా ఒకసారి చూశాను. ప్రెసిడెంటుగారు, వాచ్‌మన్, వంటవాళ్ళు, మేళంవాళ్ళు, వస్తున్న చుట్టాలు. పెట్టె గోడ మీద ఉంది, పచ్చలైటు మినుకుతోంది, పక్కన మొక్కుబడి మనిషి నిలబడ్డాడు. దాన్ని పట్టుకోవడం వచ్చిన మనిషి ఆ హాల్లో ఒక్కరూ లేరు. నాలుగు రోజులు బస్తా నొక్కి మానేసిన నేను తప్ప.

డోలువాళ్ళు శ్రుతి చూసుకుంటున్నారు. కెమెరా తీసి ఆయన కుర్చీలో పెట్టాను. పెట్టె మూత తెరిచాను. దూరం నుంచి ప్రెసిడెంటుగారు “శుభమా అని ఇప్పుడెందుకయ్యా అది?” అంటూ వస్తున్నారు. నేను ఆగలేదు. వ్యాపారిగారి రెండు చేతులూ పట్టుకున్నాను. వేళ్ళ నిండా ఉంగరాలు.

“ముందు ఉంగరాలు తియ్యండి” అన్నాను.